దేశోద్ధారక నాగేశ్వరరావు పంతులుగారు : వర్తకమునుండి ప్రజాసేవకు

పాఠశాలను విడిచిన పిమ్మట నేమి చేయుదువని యడిగినచో మన కృష్ణా డెల్టా బాలురలో పెక్కురు ఉద్యోగమనియే చెప్పుదురు. కొందరు సేద్యమందురు. వర్తకము చేసెదనని చెప్పువాడు కొంచెము సిగ్గుపడుచు చెప్పును. వర్తకము చేసి ధనము గడించి, ఆ ధనముతో దేశమునకు పనిచేసెదనని చెప్పువాడెవ్వడైన నున్నచో తోడివారు వానిని జూచి నవ్వుదురు. వర్తకుడు లాభము చూచుకొనువాడు, ప్రజాసేవకుడు లాభము విడిచినవాడు, ఈ రెండు గుణములును ఒక్క మనుష్యునియందు ఇముడవు అని మన తలంపు. ధనవంతుడు రాజకీయములలో అడుగిడెనని వినగానే, పెట్టిన సొమ్మును వడ్డీతో రాబట్టుకొనుటకే వచ్చెనని జనులనుకొందురు. ఈ యనుమానము నిష్కారణమైనదని చెప్పజాలము. కాని యది యెల్లప్పుడును నిజమేనా? మన కృష్ణామండలమున జన్మించిన యొక మహనీయుని చరిత్రమును పరిశీలించి ఈ ప్రశ్నకు సమాధానము వెదకుదము.

ఆంగ్లదేశమున నొక యుదాహరణము

వర్తకులు రాజకీయములలో ప్రవేశించుట ఆంగ్లదేశమున వింత కాదు. జోసెఫ్ చేంబర్లేను 1836లో లండను నగరమున జన్మించెను. పదునెనిమిదవ యేట బర్మింగుహాము పట్టణమునకు వచ్చి, బంధువులతో గూడి మరమేకులు చేయు కర్మాగారమును నడపి, విశేషముగ ధనమార్జించి, నలువదియేండ్లు నిండకమునుపే వ్యాపారమును చాలించెను. 1873 మొదలు 1876 వఱకు నాతడు ఆ పట్టణమునకు మేయరుగ నుండెను. అంతవఱకు కంపెనీల చేతులలో నుండిన గ్యాసు సరఫరాను, మంచినీటి సరఫరాను పురపాలక సంఘమునకు వశము చేసెను. ఇరుకైన మురికివాడలను తీసివేయించి వీధులు వేయించెను. 1876లో పార్లమెంటు సభ్యుడై, 1895 మొదలు 1903 వఱకు వలసరాజ్యముల మంత్రిగ నుండి, సామ్రాజ్యమును బలపఱచుటయే తన పనిగ పెట్టుకొనెను.

ఆ దేశమున వర్తకునకు మార్గము తిన్నగ నుండెను. పురపాలక సంఘము, పిదప పార్లమెంటు, పిదప మంత్రిపదవి. ఆ సామ్రాజ్యముక్రిందనే యుండిన మనదేశమున నాడు అట్టి మార్గము లేదు. దేశపాలనమును మార్చగల శాసనసభ లేదు. సామాన్యునకు వోటు లేదు. అట్టిచోట వర్తకుడొకడు ప్రజలకు పనిచేయదలచినచో మార్గమును తానే నిర్మించుకొనవలసి యుండెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు చేసినది అదియే.

బాల్యము, విద్య

పంతులుగారు 1867వ సంవత్సరము మే నెల 1వ తేదీన జన్మించిరి. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. కృష్ణామండలమందలి ఎలకుర్రు వీరి గ్రామము. బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట 1855 నాటికి ముగిసెను. వీరు పుట్టునప్పటికి కాలువలలో నీరు పాఱుట మొదలై పండ్రెండేండ్లు మాత్రమే యైనది. రైలుబండి యింకను ఆ ప్రాంతమునకు రాలేదు. కాలువలపై పడవలు, గట్లపై ఎడ్లబండ్లు, ఇవియే ప్రయాణసాధనములు. వాన చాలినయేడు పండి, చాలనియేడు ఎండిన భూములు, నీరు నియమముగ వచ్చుటచేత నిలుకడగ పండుట ఆ తరమువారు కన్నులార చూచిరి. ఒక్కచోట కూడిన నీటిని కాలువలద్వారా ఊరూరికి పంచినప్పుడే దేశము పచ్చనగునను సంగతి డెల్టా బాలునకు ఎవ్వరును పుస్తకముతో బోధింపనక్కఱలేదు.

స్వగ్రామమున ప్రారంభమైన చదువు బందరులో సాగెను. అటుపిమ్మట వీరు చెన్నపట్టణమునకు పోయి క్రైస్తవ కళాశాలలో చేరిరి. అప్పుడు విలియం మిల్లరు దొరగారు ఆ కళాశాలకు అధ్యక్షులు. 1891లో పంతులుగారు పట్టభద్రులైరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారి వివేకవర్ధని పత్రిక ఆనాటి విద్యావంతుల మనస్సులను కదలించుచుండెను. ఆ ప్రభావము నాగేశ్వరరావు పంతులుగారిపైనను పడెను. పత్రిక యనునది వార్తలను చేరవేయుటయేగాక, మనుష్యుల నడవడిని సైతము మార్చగలదని వీరికి తెలియవచ్చినది ఆ కాలముననే.

ఆ దినములలో పట్టభద్రులు మిక్కిలి కొలదిమంది. పట్టము పొందినవానికి సర్కారు కొలువునకు త్రోవ తెఱచియుండెను. నెల తిరుగగానే జీతము, ఊరిలో గౌరవము, తుదకు పింఛను. దీని నంతయు విడిచి వీరు వర్తకమును కోరుకొనిరి.

వర్తకము

పంతులుగారు కలకత్తాలో కొంతకాలము వర్తకము నేర్చిరి. పిదప బొంబాయి చేరి ఒక ఐరోపా వర్తకసంస్థలో పనిచేసిరి. సరకు కొనుట, అమ్ముట, లెక్కలు వ్రాయుట, ఇచ్చిన మాటకు నిలుచుట, బాకీదారుని నొప్పింపక బాకీ రాబట్టుట, ఇవి యెల్ల వీరికి అక్కడ అలవడెను. 1893లో, తమ యిరువదియాఱవ యేట, అమృతాంజనమను నొప్పుల మందును తయారుచేసి యమ్మసాగిరి. ఆరంభమున దాని వెల పది యణాలు.

క్రొత్త మందును ఎవ్వరు నమ్ముదురు? తలనొప్పికి శొంఠిగంధము పూసికొను ఇల్లాలు, బొంబాయినుండి వచ్చిన సీసాలోని పచ్చని లేపనమును ఏల పూసికొనును? పంతులుగారు దీనికొక యుపాయము కనుగొనిరి. సంగీతసభలు జరుగుచోట్ల అమృతాంజనమును ఊరక పంచిపెట్టించిరి. ఒకసారి పూసికొని మేలు పొందినవాడు రెండవసారి తానే అంగడికి వచ్చును; తన పొరుగువానికిని చెప్పును. సరకునందు గుణము లేనిచో ఈ యుపాయము వర్తకుని ముంచును; గుణమున్నచో తేల్చును. క్రమముగ ఆ మందు దేశమంతట వ్యాపించెను. 1936లో ఆ వ్యాపారము ప్రజలు వాటాలు కొనదగిన లిమిటెడు కంపెనీగ మాఱెను.

ముందుగ నిచ్చుట, పిదప తీసికొనుట. ఈ వర్తకనీతిని పాఠకులు గుర్తుంచుకొనవలయును. వీరి తర్వాతి జీవితమంతయు దీనినుండి పెరిగినదే.

పత్రిక

1907 డిసెంబరులో సూరతు నగరమున కాంగ్రెసు మహాసభ జరిగెను. మితవాదులును, అతివాదులును తగవులాడి అచ్చట విడిపోయిరి. పంతులుగారు ఆ సభకు పోయియుండిరి. దేశములో ఇంత కలకలము జరుగుచుండగా తెలుగువారికి ఆ సంగతులను వెంటవెంట తెలుపు గట్టి పత్రిక యుండవలయునని వీరికి తోచెను. తెలుగున పత్రికలు అప్పటికే లేకపోలేదు. మన బందరునందే కృష్ణాపత్రిక 1902 నుండి వెలువడుచుండెను. అయినను దేశపు తెలుగు పాఠకుల కందఱకును చాలునన్ని పత్రికలు లేవు.

1908 సెప్టెంబరు 9వ తేదీన ఆంధ్రపత్రిక బొంబాయినుండి వారపత్రికగ బయలువెడలెను. తెలుగునాటికి అంతదూరమున, పరభాషలవారి నడుమ తెలుగు పత్రికను ముద్రించుట సులభమైన పని కాదు. తెలుగు అక్షరములు కూర్చువారు కావలయును, తెలుగు వ్రాయువారు కావలయును, పత్రికలను టపాలో నియమముగ పంపువారు కావలయును. పత్రికవలన వచ్చు రాబడి వీని కన్నింటికిని చాలదు. ఆ కొఱతను మందు తీర్చెను. తలనొప్పిగలవాడు కొనిన సీసా వెలలో కొంతభాగము, తెలుగు చదువరి చేతికి వార్తయై చేరుచుండెను.

1914 ఏప్రిలు 1వ తేదీన ఆంధ్రపత్రిక చెన్నపట్టణమునుండి దినపత్రికయై వెలువడెను. ఆ సంవత్సరముననే ఐరోపాలో మహాయుద్ధము పుట్టెను. యుద్ధవార్తలకై పల్లెలలో జనులు పత్రికకు ఎదురుచూచుట ఆరంభమయ్యెను. ఒకడు బిగ్గరగ చదువగా పదిమంది రచ్చబండపై కూర్చుండి వినుట అలవాటయ్యెను. ఏప్రిలు 10వ తేదీననే మన బెజవాడలో, రామమోహన గ్రంథాలయమున, ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు సభ చేరి గ్రంథభాండాగార సంఘమును స్థాపించిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ యుద్యమమునకు ప్రాణము. దినపత్రికయు, గ్రంథాలయసంఘమును పదిదినముల వ్యవధిలో పుట్టుట యాదృచ్ఛికము కావచ్చును. అయినను ఒకటి లేక రెండవది నిండదు. పత్రిక వచ్చినచో దానిని చదువుటకు చోటు కావలయును. గ్రంథాలయమున్నచో దానిలో పెట్టుటకు పుస్తకములు కావలయును.

ఆ పుస్తకములను గూడ పంతులుగారే సమకూర్ప పూనుకొనిరి. 1924లో భారతి యను మాసపత్రికను స్థాపించిరి. తెలుగు పండితులును, క్రొత్త కవులును, చరిత్రకారులును దానిలో వ్రాసిరి. 1926లో ఆంధ్ర గ్రంథమాలను ప్రారంభించిరి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించిన పాల్కురికి సోమనాథుని బసవపురాణము ఆ మాలలో వెలువడినదే. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు ఆరంభించిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వము, 1923లో వారు మరణించుటచే నిలిచిపోగా, దానిని కొనసాగించు భారమును సైతము వీరే వహించిరి. ఇట్టి పుస్తకములవలన లాభము రాదని వర్తకునకు తెలియదా? తెలియును. తెలిసియే వెచ్చించిరి. సంగీతసభలలో మందును పంచినచేయి గ్రంథాలయములకు పుస్తకములను పంచెను. కాని మందును పంచినప్పుడు కొనువాడు తిరిగివచ్చునను నాస యుండెను. పుస్తకములను పంచినప్పుడు ఆశించినది వేఱు. చదివినవాడు లోకమును తన కన్నులతో చూచును. తన గ్రామమునుగూర్చి తానే ఆలోచించుకొనును. అదియే పంతులుగారు కోరిన లాభము.

రాజకీయసేవ

1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. తెలుగువారికి ప్రత్యేకరాష్ట్రము కావలయునను కోరిక అచ్చట బలము పొందెను. ఆంధ్రపత్రిక ఆ కోరికను ఇంటింటికి చేర్చెను. 1918లో కాంగ్రెసువారు ఆంధ్రదేశమునకు ప్రత్యేక రాష్ట్రసంఘమును అంగీకరించిరి. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో అఖిలభారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమయ్యెను. గాంధీమహాత్ముడు వచ్చెను. తిలకు స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటిమంది సభ్యులు, దేశమున ఇరువదిలక్షల రాట్నములు, ఇవి సమకూర్పవలయునని అక్కడ నిర్ణయమయ్యెను. మనము దినదినము నడచు ఈ పట్టణపు వీధులు ఆ రెండుదినములును జనసముద్రములైనవి.

పంతులుగారు 1924 మొదలు పెక్కేండ్లు ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షులుగ నుండిరి. 1930లో ఉప్పుసత్యాగ్రహమున పాల్గొని కారాగారమున కేగిరి. అప్పటికి వీరి వయస్సు అఱువదిమూడేండ్లు. అంగళ్ళు, ముద్రాలయము, ఇల్లు, అన్నియుగల మనుష్యుడు చెఱసాలకు పోవలసిన యగత్యమేమి? పోకున్నచో అడుగువారెవ్వరు? ఆ వయస్సునను, ఆ స్థితియందును వీరు వెనుదీయలేదు. కారాగారమందు భగవద్గీతకు వ్యాఖ్యానము వ్రాసిరి.

ప్రజలు వీరిని దేశోద్ధారకులని పిలిచిరి. గాంధీమహాత్ముడు విశ్వదాత యని ప్రశంసించెనని ప్రతీతి. 1935లో ఆంధ్రవిశ్వవిద్యాలయము వీరికి కళాప్రపూర్ణ బిరుదము నొసగెను.

శ్రీబాగు ఒడంబడిక

వీరి జీవితమున కడపటి కార్యము మన డెల్టావారు తప్పక తెలిసికొనవలసినది. ఆంధ్రరాష్ట్రము కావలయునని సర్కారు జిల్లాలవారు కోరుచుండగా, రాయలసీమవారికి అనుమానము కలిగెను. విద్యయందును, ధనమందును ముందున్న సముద్రతీరపు జిల్లాలవారితో కలసినచో తమకు భాగము దక్కదేమోయని వారి భయము. భయమునకు కారణము నీటిలోనే యున్నది. కృష్ణ, గోదావరి నదుల యానకట్టలచేత తీరపుజిల్లాలు పచ్చబడినవి. రాయలసీమ వానదేవుని నమ్ముకొని, కఱవుతో పోరాడుచుండెను.

1937 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణమున పంతులుగారి గృహమైన శ్రీబాగులో ఉభయప్రాంతముల నాయకులు సమావేశమైరి. కొండా వెంకటప్పయ్యగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు, కడప కోటిరెడ్డిగారు, కల్లూరి సుబ్బారావుగారు మొదలగువారు ఆ యొడంబడికకు సమ్మతించిరి. దానిలోని ముఖ్యాంశములివి. విశ్వవిద్యాలయమునకు వాల్తేరు, అనంతపురములందు రెండు కేంద్రము లుండవలయును. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటిని క్రొత్తగ వినియోగించుటలో పదియేండ్లపాటు, అవసరమైనచో అంతకంటె నెక్కువకాలము, రాయలసీమకును, నెల్లూరుజిల్లాకును ప్రాధాన్యమీయవలయును. రాజధానియు, ఉన్నతన్యాయస్థానమును చెఱియొక ప్రాంతమున నుండవలయును. రెండింటిలో ఏది కావలయునో రాయలసీమవారే మొదట కోరుకొనవచ్చును.

దీనిని శ్రద్ధతో పరిశీలింపుడు. ఇద్దఱు వర్తకులు ఒడంబడిక చేసికొనునప్పుడు బలవంతుడు బలహీనుని వంచింపవచ్చును. సరకు ఒకసారి అమ్ముడుపోవును. కాని యట్టి బేరము రెండవసారి కుదురదు. మంచివర్తకుడు ఎదుటివానికి లాభము మిగిల్చియే బేరము ముగించును. కృష్ణ కాలువలనీరు త్రాగి పెరిగిన మనుష్యుని యింట, కృష్ణనీటిలో మొదటిభాగము నీరులేని సోదరులదని వ్రాసికొనుట జరిగెను. ముందుగ నిచ్చుట, పిదప తీసికొనుట యను వెనుకటి వర్తకనీతి ఇచ్చట రాజనీతి యయ్యెను.

ఒడంబడిక జరిగి అయిదునెలలైన నిండకమునుపే, 1938 ఏప్రిలు 11వ తేదీన పంతులుగారు పరమపదించిరి. వారి యల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు పత్రికల భారమును వహించిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలున వెలసెను. ఉన్నతన్యాయస్థానము గుంటూరున నెలకొనెను. అది శ్రీబాగు మాట చెల్లించుటయే. కాని 1956లో తెలంగాణముతో కలసి ఆంధ్రప్రదేశ మేర్పడగా రాజధాని హైదరాబాదునకు తరలిపోయెను. నీటినిగూర్చిన మాట పూర్తిగ చెల్లలేదని రాయలసీమవారు అటుపిమ్మటను పలుమాఱులు చెప్పుచువచ్చిరి. ఒడంబడిక వ్రాసిన కాగితము విలువ వ్రాసినవారియందు లేదు, నెఱవేర్చువారియందున్నది.

మనము గ్రహింపవలసినది

గొప్పవారి చరిత్రమును చదువునప్పుడు పొగడి విడిచిపెట్టుట చాలదు. ఒక్కమనుష్యుడే మందుల వ్యాపారమునకు యజమానియై, దినపత్రికకు అధిపతియై, రాజకీయసంఘమునకు అధ్యక్షుడైనచో ఆతని చేతిలో ఎంతటి బలము చేరును! ఆ బలము దుర్వినియోగమైనచో ప్రశ్నించువారెవ్వరు? ఆయన చేయి మంచిది గనుక దేశమునకు మేలు జరిగెనని తృప్తిపడుట చాలదు. ఆ చేయి వేఱొకటియైనచో నేమగునని యోచించుటయు మన కర్తవ్యమే. ధనికుడు రాజకీయములలో ప్రవేశించునప్పుడు మనమడుగవలసిన ప్రశ్న ఆతనియొద్ద ధనమెంత యున్నదని కాదు. ప్రవేశించిన పిదప ఆ ధనము పెరిగినదా, ఖర్చయినదా? ఖర్చయినచో దేనికై? పెరిగినచో ఎవ్వరి సొమ్ముతో?

ఈ ప్రశ్నలను పంతులుగారి జీవితమునకు వేసి చూడుడు. సీసాలవలన వచ్చిన రూపాయ పత్రికయైనది, పుస్తకమైనది, గ్రంథాలయమున బీరువాలో నిలిచినది. చేంబర్లేనుగారు వర్తకమును విడిచి రాజకీయములకు పోయిరి. పంతులుగారు వర్తకమును విడువలేదు. దానిని కాలువగ త్రవ్వి ప్రజలవైపు మఱల్చిరి. నీరు ఆనకట్టయొద్దనే నిలిచియున్నచో అది చెఱువు మాత్రమే. కాలువలోనికి విడిచినప్పుడే పంట.

కావున వర్తకము చేసెదనని చెప్పుటకు సిగ్గుపడనక్కఱలేదు. వర్తకము నీచమైనది కాదు, వంచన నీచమైనది. మనలో అంగడి పెట్టువాడు, సేద్యము చేయువాడు, కొలువు చేయువాడు, ఎవ్వడైనను, తనకు చాలిన పిదప మిగిలినదానిని ఏ కాలువలోనికి విడిచెదనని ఒక్కసారియైన యోచించుకొనిన చాలును.

విద్యార్థులు ఈ క్రింది ప్రశ్నలకు తమ మాటలలో సమాధానములు వ్రాసి చూచుకొనవచ్చును. చేంబర్లేనుగారికి నుండి పంతులుగారికి లేని యవకాశము లెవ్వి? పత్రిక ఆ కొఱతను ఎట్లు తీర్చెను? శ్రీబాగు ఒడంబడికలో నీటికి అంత ప్రాధాన్యము కలుగుటకు కారణమేమి? నేడు మీ గ్రామపు కాలువ చివరిభూములకు నీరందనిచో, ఎగువనున్న రైతుగ మీరేమి చేయుదురు? కడపటి ప్రశ్నకు సమాధానము పుస్తకములలో లేదు; సెలవులలో మీ గ్రామమునకు పోయి, కాలువగట్టు వెంబడి చివరివఱకు నడచి తెలిసికొనుడు.